సివియర్ అంటే లేవాల

ముందే చెప్పేస్తున్నాను: నేను చెప్పేదాన్ని నాలుగుతో భాగించి, అందులోంచి కూడా చారెడు తీసేసి నమ్మండి. మా ఇంట్లో అందరూ అలాగే చేస్తారు. ఈ పొద్దున చిత్తూరు బైపాసులో మామిడికాయల ట్రాక్టరు వెనక ఇరుక్కుపోయాను. ఎండకు మగ్గిన తోతాపురి వాసన అద్దం సందులోంచి దూరి, నా పక్క సీట్లో కూర్చుని, బెల్టు కూడా పెట్టుకుంది. ఆ వాసన వచ్చిందంటే వెనకాలే నస్రీన్ మేడం వస్తారు.

డిగ్రీ అయిన కొత్తలో నేను ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరాను. ఆమె అక్కడ క్వాలిటీ చూసే పెద్ద; నేను ఆమె కింద రిమార్కులు రాసేవాణ్ణి. గేటుకు వచ్చిన ప్రతి లోడులో కాయలు కోసి, నల్లమచ్చ ఎంతుందో ఇంగ్లీషులో ఒక్క మాట రాయాలి: స్లైట్, మోడరేట్, సివియర్. మొదటి రెండింటికీ బండి లోపలికి పోతుంది. మూడోది పడితే వెనక్కి. అలా వెనక్కి పోయిన కాయను ఇంకో ఫ్యాక్టరీ ముట్టదు. రైతు రోడ్డు పక్కన పారబోసుకుని పోవాల్సిందే. నాకేమో ఆ మూడో మాటంటే ప్రాణం. పలికితే నోరు నిండుతుంది. ఎండ సివియర్, టీ సివియర్, మా మేనమామ పెళ్లిభోజనం సివియర్.

ఒకరోజు టిఫిన్ వేళ ఆమె దగ్గరికెళ్లి, "మేడం, ఐ హావ్ సివియర్ హెడ్డేక్" అన్నాను.

"చేతిలో అదేంది?"

"దోశ, మేడం."

"ఎన్నోది?"

"మూడోది."

"మూడు దోశలు తినే తలనొప్పి స్లైట్ గూడా కాదప్పా." ఆమె కత్తి తుడుచుకుంటూ నా వైపు తిరిగారు. "సివియర్ అంటే, ఆ మాట ఇన్నోడు చేస్తా ఉండే పని ఇడిసిపెట్టి లేవాల. ఎవురూ లేవలేదంటే ఆ మాట వాడబాక. ఏదీ, ఎండ ఎట్లుండాదో ఇంగ్లీషులో చెప్పు."

"వెరీ హాట్, మేడం."

"సరే. గేటుకాడ ఒక మనిషి పడిపోయినాడు. ఇప్పుడు?"

"సివియర్ హీట్, మేడం."

"ఆఁ, ఇప్పుడు లేస్తా" అని నిజంగానే లేచారు. నా దోశ చల్లారిపోయింది.

ఆ ఏడు కాయ విరగకాసింది. ట్రాక్టర్ల వరస ఊళ్లు దాటి పాకాల దాకా సాగింది. ఒక మధ్యాహ్నం మేనేజరు నన్ను ఏసీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ట్యాంకులు నిండొచ్చినాయి. ఒప్పుకున్న కాయంతా తీసుకునేదానికి కాదు. ఇప్పట్నించి వచ్చే బళ్లన్నిటికీ సివియర్ రాసెయ్. నీకు ఇష్టమైన మాటే గదా" అని నవ్వాడు.

గేటు దగ్గరికెళ్తే, మొదటి బండి మునిరత్నం అనే రైతుది. తడి గోనెలు కాయల మీద కప్పి, తను ఎండలో నిలబడ్డాడు. "నా కాయ ఎట్లుండాది సార్?" అన్నాడు. నా చేతిలో పెన్ను రోకలంత బరువైంది. నస్రీన్ మేడం నా మొహం చూసి సంగతి అడిగారు. చెప్పాను. బండి అడుగు నుంచి కాయలు తీయించి కోశారు. తొక్క మీద అక్కడక్కడా చుక్క, లోపల పసుపుముద్ద. కత్తి పట్టుకుని నేరుగా ఏసీ గదికి నడిచారు. వెనక నేను, నా వెనక నా కాళ్లు.

"సార్, మునిరత్నం లోడు సివియర్ అంట. లేయండి."

"ఎందుకు మేడం?"

"సివియర్ అంటే లేవాల. ఆ రైతు ముందర మీరే కోసి, మచ్చ చూపించి, మీ చేత్తో రాయండి."

"పైనుంచి ఆర్డరు మేడం."

"ఆర్డరు మచ్చ కాదు సార్. ట్యాంకుల్లో సోటు లేదంటే సోటు లేదని రాయండి. దానికీ ఇంగ్లీషు ఉండాది."

ముందే ఒప్పుకున్న కాయ కాబట్టి, అట్లా రాస్తే నష్టం ఫ్యాక్టరీ నెత్తిన పడుతుంది. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. ఆయన లేచాడు.

బయట డ్రైవర్లందరూ బళ్లు దిగి చుట్టూ చేరారు. మేనేజరు ఒక కాయ కోశాడు. మచ్చ లేదు. ఇంకోటి. లేదు. మునిరత్నం కాయను చూడటం లేదు, కత్తి పట్టిన చేతినే చూస్తున్నాడు. చివరికి మేనేజరు ఒక ముక్క నోట్లో వేసుకుని, తల దించుకుని, "సారీ అప్పా" అని స్లైట్ రాశాడు.

తెలుగులో నేనిప్పటికీ దోమకు తొండం తొడిగి ఊరేగిస్తాను. ఆ ఇంగ్లీషు మాట దగ్గర మాత్రం చెయ్యి ఆగుతుంది. ఇది చదివి ఎవరు లేవాలి, లేస్తే నేను కాయ కోసి చూపించగలనా అని అడుగుతుంది. ఎక్కువసార్లు ఆ మాట కొట్టేసి చిన్నది రాస్తాను.

ఇక నేను అల్లిందేదో చెప్పాలి. ట్రాక్టర్ల వరస పాకాల దాకా కాదు, రోడ్డు మలుపు దాకానే. అది మీరే భాగించుకుని ఉంటారు. మేనేజరు ముక్క తినడం, తల దించడం, సారీ చెప్పడం మాత్రం నా కల్పన. ఆయన కత్తి పక్కన పెట్టి, అందరి ముందరా, "స్లైట్ రాసుకోండి. రేపట్నించి మీరు రావద్దు మేడం" అన్నాడు.

"సరే సార్" అన్నారామె. ట్రాక్టరు వైపు తిరిగి, "మునిరత్నం, బండి లోపలికి పోనీప్పా" అన్నారు. ఆ రోజు వరసలో ఉన్న కడపటి బండి గేటు దాటేదాకా, ప్రతి లోడులో కాయ కోసి, నాచేత మాట రాయించి, ఆ తర్వాతే చేతులు కడుక్కున్నారు.