గొట్టానికో సొట్ట

పాత కారులో గాలికే చల్లబడే చిన్న ఇంజన్ తీసేసి పెద్దది పెట్టించుకున్నవాళ్లంతా పొగగొట్టాల కోసం ఈ మేస్త్రీ షెడ్డుకే వస్తారు. ముందు సన్నని తీగ వంచి పొగ నడిచే దారి చూసుకుంటాడు, ఆపైనే ఉక్కు జోలికి పోతాడు. ఇంజన్ నుంచి పొగ తెచ్చే నాలుగు గొట్టాలూ ఒకే పొడవుండాలి, లేకపోతే ఆయనకు అన్నం సయించదు.

మొన్న టీచరమ్మ కారుకు చేసినవి మరీ ముద్దొచ్చాయి. అద్దం మీద జారే వానచినుకుల్లా వంపులు తిరిగి ఒకచోట కలిశాయి. తీరా బిగించబోతే చివరి నట్టు దగ్గర స్పానర్‌కు చోటే లేదు. వేళ్లతో తిప్పి సరిపెడితే గొట్టం అందం చెడదు, కానీ దారిలో ఊడుతుంది. టీచరమ్మేమో చెల్లెలింటికి బయల్దేరడానికి సంచీతో సిద్ధంగా కూర్చుంది. ఆయన గొట్టాన్ని ఓసారి నిమిరి, గురి చూసుకుని, కళ్లు మూసుకుని సుత్తితో ఒక్కటిచ్చాడు.

"అయ్యయ్యో, బంగారంలాంటి గొట్టానికి సొట్టేంటన్నయ్యా?"

"స్పానర్ దూరాలి కదమ్మా."

"మరి కళ్లెందుకు మూసుకున్నారు?"

"మీరు సూది వేయించుకునేటప్పుడు తెరిచే ఉంచుతారా?"

నట్టు బిగిసింది. కారు మలుపు తిరిగేదాకా ఆయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. సొట్టపడిన గొట్టం మిగతా మూడింటితో శ్రుతి కలిపే పాడుతోంది.