గోడ అడిగిన మాటలు

రామకోటేశ్వరరావు గారు తన జన్మలో ఏ మాటనీ ఒంటరిగా బయటికి పంపలేదు. వెనక ఇద్దరినో ముగ్గురినో తోడిచ్చి పంపాల్సిందే. పాలు పల్చగా ఉంటే "పల్చన, నీళ్ళు, థిన్, డైల్యూటెడ్!" అనేవారు. పొద్దున్నే ఆ నాలుగూ వినే ఓపిక లేక పాలవాడు భవానీపురం మొత్తమ్మీద ఆ ఒక్క ఇంటికే చిక్కటి పాలు పోసేవాడు.

ఆయన రైల్వేలో ముప్ఫయ్యేళ్ళు అనౌన్సరుగా చేశారు. రిటైరైన రోజు సన్మానంలో రెండు ముక్కలు మాట్లాడమంటే లేచి, "థాంక్స్, ధన్యవాదాలు, కృతజ్ఞతలు, గ్రాటిట్యూడ్" అని కూర్చున్నారట. ఉపన్యాసం చిన్నదే గానీ నాలుగుసార్లు ఇచ్చారని తోటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకసారి వీధికుక్క వెంటబడితే "పో, ఫో, గో, డిపార్ట్, వెకేట్" అన్నారు. కుక్క నిలబడి చివరిదాకా విని మరీ వెళ్ళింది.

"కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగటం మానేశానమ్మా," అన్నారు ఆయన భార్య పద్మావతమ్మ గారు, రుచిత వాళ్ళింట్లో అద్దె గదిలో దిగిన మొదటిరోజే. "సరిపోయింది, తగినంత, సఫిషియెంట్, ఎడిక్వేట్ అంటారు. ఈలోపు అన్నం చల్లారిపోద్ది."

రుచితది పెడన. ఇంట్లో రెండు మగ్గాలు. బ్యాంకు పరీక్షల కోచింగులో ఫ్రీ బ్యాచ్ సీటొస్తే, నాన్న ఒకరోజు మగ్గం ఆపి ట్రంకుపెట్టెతో సహా తెచ్చి ఈ ఇంట్లో దింపి వెళ్ళాడు. ఆ బ్యాచ్‌కి ఒక నియమం ఉంది. ప్రతి శనివారం వొకాబులరీ టెస్టు. తేజేశ్వర్ సార్ అరవైమంది ముందు నిలబెట్టి ఒక ఇంగ్లీషు మాట ఇస్తారు. ఐదు సెకన్లలో దానికి మూడు పర్యాయపదాలు చెప్పాలి. మూడు శనివారాలు తప్పితే సీటు ఇంకొకరికి పోతుంది. రుచితకి అప్పటికే రెండు పోయాయి.

మాటలు రాక కాదు. పుస్తకం మూసి అడిగితే అన్నీ వచ్చు. కానీ సార్ మొహం దగ్గరగా పెట్టి "ఊఁ, చెప్పు" అన్నారంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. మధ్యాహ్నం తిరిగొచ్చి, మెట్లమీద కూర్చుని అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేది.

"ఇవాళ ప్రాక్టీసులో 'గ్లూమీ' దగ్గర ఆగిపోయానమ్మా."

"గ్లూమీ అంటే ఏంటే?"

"మబ్బు పట్టినట్టుండటం."

"మబ్బు అని చెప్పొచ్చుగా మరి!"

ఆ తర్వాతి సోమవారం నిజంగానే మబ్బు పట్టింది. కృష్ణ మీదనుంచి తడిగాలి వీస్తోంది. మూడింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయి ఇల్లంతా ఒక్కసారి సద్దుమణిగాక, రుచిత మంచం పక్కనున్న గోడ గొంతు సవరించుకుంది.

టింగ్... టాంగ్.

"యువర్ అటెన్షన్ ప్లీజ్," అంది గోడ. "గ్లూమీ."

గొంతు రామకోటేశ్వరరావు గారిదే. కానీ పాడుబడ్డ బావి అడుగునుంచి వస్తున్నట్టుంది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత, ఎవరో జవాబు చెబితే విన్నట్టుగా, "కరెక్ట్, రైట్, ఒప్పు," అంది.

రుచిత ఒక్క ఉదుటున బయటికొచ్చింది. గోడ అవతలి గదికి ఎప్పటిలాగే తుప్పుపట్టిన తాళం వేలాడుతోంది. వసారాలో పడకకుర్చీలో రామకోటేశ్వరరావు గారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. లోపల గోడ మాత్రం ఆయన గొంతుతోనే "రిలక్టెంట్" అంటోంది. అదీ కిందటి వారం రుచిత తప్పిన మాటే. మనిషి ఇక్కడ, గొంతు అక్కడ.

"పక్క గదిలో ఎవరుంటారు పిన్నిగారూ?" అని అడిగింది సాయంత్రం.

"ఎవరూ ఉండరమ్మా," అన్నారు పద్మావతమ్మ గారు. మొహం చూడకుండా గబగబా లోపలికెళ్ళిపోయారు.

వీధి చివర కర్రీ పాయింట్ కనకలక్ష్మికి ఇలాంటివన్నీ తెలుసు. పప్పుచారు కవర్లో పోస్తూనే తేల్చి చెప్పింది. "కొంతమందికి నిద్రలో ప్రాణం బయటికెళ్ళి తిరిగొస్తది. ఆ టైములో మనిషిని లేపమాక. దానికి దారి తెలీకుండా పోద్ది."

"మరి ఇంగ్లీషు ఎందుకు మాట్లాడుతుందక్కా?"

"రైల్వే ప్రాణం కదమ్మా," అంది కనకలక్ష్మి, కవరుకి రబ్బరుబ్యాండు వేస్తూ.

మంగళవారం మూడింటికి గోడ మళ్ళీ పిలిచింది. రుచిత దుప్పటి ముసుగుతన్ని పడుకుంది. బుధవారం భయంతోనే ముసుగులోంచి జవాబు చెప్పింది. గోడ "కరెక్ట్, రైట్, ఒప్పు" అంది. గురువారానికి ముసుగు తీసి కూర్చుంది. గుండె దడదడలాడుతూనే ఉంది గానీ, మాటలు మాత్రం గొంతులో ఆగటంలేదు. ఎదురుగా మొహం లేదు కదా! సార్ కన్నా దెయ్యమే నయమనిపించింది.

మధ్యాహ్నాలు మాత్రం ఎవరూ రామకోటేశ్వరరావు గారిని లేపకుండా కాపలా కాసేది. గ్యాసు బండ కుర్రాడు "సార్!" అని కేక వేయబోతే నోటిమీద వేలేసి గేటు దాకా వెనక్కి నడిపించింది. ప్రాణం దారి తప్పితే పాపం తనకి చుట్టుకుంటుందని ఆమె భయం.

శుక్రవారం చీకటి మబ్బు. గాలి కూడా లేదు. టింగ్ టాంగ్ మోగింది.

"యువర్ అటెన్షన్ ప్లీజ్. లేట్."

రైల్వే గొంతు అడిగిన మాట కదా, డిలేయ్డ్ అనాలి. కానీ రుచిత నోట్లోంచి వచ్చింది వేరే. "డెడ్."

"కరెక్ట్, రైట్, ఒప్పు," అంది గోడ.

రుచిత వసారాలోకి పరిగెత్తింది. పడకకుర్చీలో ఆయన కదలటంలేదు. గురక లేదు. మెడ పక్కకి వాలిపోయింది. ఆమె "పిన్నిగారూ!" అని అరుస్తూ వంటింట్లోకి దూరింది. పద్మావతమ్మ గారు అక్కడ లేరు. కానీ బియ్యం డబ్బా పక్కన, తను ఎప్పుడూ గమనించని చిన్న తలుపొకటి తెరిచి ఉంది. ఆ తలుపు తాళం వేసిన గదిలోకే.

గదిలో పద్మావతమ్మ గారు పీటమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ముందు ఒక పెద్ద ఇత్తడి బిందె. ఆ బిందె లోపలనుంచి రామకోటేశ్వరరావు గారి గొంతు "ఓవర్‌డ్యూ, డిలేయ్డ్ కూడా చెప్పొచ్చు" అంటోంది.

"బాబాయిగారు... అక్కడ... కదలటంలేదు," అంది రుచిత.

"ఎందుకు కదుల్తారు? పెసరట్లు నాలుగు తిన్నారు," అన్నారావిడ. తర్వాత దొరికిపోయానని అర్థమై, బిందెలో చెయ్యిపెట్టి సెల్‌ఫోన్ బయటికి తీసి నొక్కారు. గోడ నోరు మూసుకుంది.

"నువ్వు మెట్లమీద అమ్మతో చెప్పుకునేవన్నీ రాసుకుంటారు. అందులో మాటలే పొద్దున నువ్వెళ్ళాక రికార్డు చేస్తారు. మూడింటికి నేను పెడతాను. బిందెలో పెడితే స్టేషన్‌లో లాగా మోగుతుందంట. ఆ టింగ్ టాంగ్ నా స్టీలు గ్లాసే."

"నా ఎదురుగా కూర్చుని అడగొచ్చు కదా పిన్నిగారూ? నేను చచ్చేంత భయపడ్డాను!"

"ఎదురుగా మొహం ఉంటే ఆయనకీ అంతేనమ్మా," అన్నారు పద్మావతమ్మ గారు గొంతు తగ్గించి. "చిన్నప్పట్నుంచీ నత్తి. మైకు ముందు రాదు, మనిషి ముందే. ఒక మాట అడ్డం పడితే పక్కమాట పట్టుకుని బయటపడటం నేర్చుకున్నారు. ఏది అడ్డం పడుద్దో తెలీదుగా, అందుకని నాలుగూ సిద్ధంగా ఉంచుకుంటారు. పెళ్ళిచూపుల్లో నీ పేరేంటని అడగటానికి పే... పే... దగ్గర ఆగిపోయి, తమ శుభనామధేయం అన్నారు. మా వాళ్ళు మహాపండితుడనుకుని తాంబూలాలిచ్చేశారు!" నవ్వి, కళ్ళు తుడుచుకున్నారు. "నీకు తెలీనివ్వొద్దన్నారు. తెలిస్తే గోడకి మళ్ళీ మొహం వచ్చేస్తుందంట."

రుచితకి ఆయన మీద ఒక్కసారిగా ఎంతో ప్రేమ పుట్టింది. తెలిసినట్టు కనబడనని మాటిచ్చి తన గదిలోకి వెళ్ళింది.

శనివారం తేజేశ్వర్ సార్ ఆమెకిచ్చిన మాట "హెజిటేట్." తటపటాయించటం.

రుచిత తటపటాయించింది. అరవై మొహాలు. 'పాజ్' అందామంటే 'పా' దగ్గరే గొంతు బిగిసింది. ఒక సెకను. రెండు. అప్పుడామె సార్ మొహం వదిలేసి ఆయన వెనకున్న గోడని చూసింది. వట్టి సున్నపు గోడ. చెవిలో స్టీలు గ్లాసు మోగింది. అడ్డం పడిన మాటని అక్కడే వదిలేసి పక్కమాట పట్టుకుంది.

"వేవర్. ఫాల్టర్. డిలే."

"గోడ మీద రాసుందా ఏంటి?" అన్నారు సార్. వెనక్కి తిరిగి చూసుకుని టిక్కు పెట్టారు.

సీటు నిలిచింది. రుచిత ఎవరికీ ఫోన్ చెయ్యలేదు, అమ్మకి కూడా. తిన్నగా ఇంటికొచ్చింది. వసారాలో పడకకుర్చీ ఖాళీగా ఉంది. గదిలో గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడింది. మూడయింది. టింగ్... టాంగ్.

"యువర్ అటెన్షన్ ప్లీజ్. పాస్."

"క్లియర్. క్వాలిఫై. సక్సీడ్," అంది రుచిత.

"కరెక్ట్, రైట్, ఒప్పు. కంగ్రాచ్యులేషన్స్, అభినందనలు, శుభాకాంక్షలు!"

రుచిత నవ్వు సగంలో ఆగింది. తను పాసైన సంగతి గోడకెవరు చెప్పారు? బిందె సంగతి తెలిసి కూడా చేతులమీద వెంట్రుకలు లేచాయి. కిటికీలోంచి చూస్తే రామకోటేశ్వరరావు గారు అప్పుడే స్వీటు ప్యాకెట్టుతో గేటు తీస్తున్నారు.

"పొద్దున్నే చేసి పెట్టారమ్మా," అన్నారు పద్మావతమ్మ గారు గుమ్మంలోకొచ్చి. "ఒకవేళ పోతేనో, రెండోది కూడా చేసిపెట్టండి అన్నాను. గంటసేపు కూర్చున్నారు. ఫెయిల్ అన్న మాట నోట రాలేదంట. దానికి పక్కమాట కూడా ఒక్కటీ దొరకలేదంట."

ఇంతలో ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డారు. "ప... ప..." అన్నారు. పెదవులు బిగుసుకున్నాయి.

రుచిత ఆయన మొహంలోకే చూస్తూ పక్కమాట అందించింది. "గట్టెక్కాను బాబాయిగారూ."

"సంతోషం," అన్నారు రామకోటేశ్వరరావు గారు.

పద్మావతమ్మ గారు మిగతా మూడింటి కోసం కాసేపు చూశారు. ఏవీ రాలేదు.

"అంతేనా అండీ?"

"అంతే," అన్నారాయన.