ఉయ్యాల గొలుసు పట్టుకున్న వదిన

మా పక్కింటి వదిన పోయింది. పొద్దున్నే గోడ అవతల నుంచి ఆమె కోడలు "అత్తా, ఒకసారి రా, మా అత్త ఎంత లేపినా పలుకుతాలేదు" అని పిలిచినప్పుడు నేను స్టవ్ మీద పాలు పెట్టి ఉన్నాను. పోయి చూస్తే వదిన పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, పగలంతా బండలు మోసి వచ్చి పడుకున్న మనిషిలాగే ఉంది. తాకి చూశాను. చల్లగా ఉంది. అంత ఏడుపులోనూ నా బుద్ధి నన్ను వదల్లేదు. మధ్యలో లేచి ఇంటికి పోయి, స్టవ్ ఆపానా లేదా అని చూసుకుని వచ్చాను. ఆపే ఉంది. వదిన బతికి ఉంటే "నీ భయానికి నా సావు కూడా అడ్డం రాలేదు సూడు" అని నవ్వేది.

ఆ ముందురోజు సాయంత్రమే నా చిన్న కూతురు ఇద్దరు పిల్లలతో, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని బస్సు దిగింది. అది సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీనులో వంట చేస్తుంది. అల్లుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. పొద్దున్నే పిల్లలకు వండిపెట్టి, పెద్దదాన్ని బడికి పంపి, చిన్నవాణ్ణి పక్కింట్లో వదిలి, అక్కడ అన్నం గుండిగలు దించాలి. నడుము పట్టడం దానికి ఇది మొదటిసారి కాదు. డాక్టరు చూసి, ఎముకకు ఏమీ కాలేదు, బరువులెత్తకుండా నాలుగు రోజులు పడుకో అన్నాడట. క్యాంటీను మేస్త్రీ మాత్రం సోమవారం రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామన్నాడు.

అందుకే వదినతో నడుము తొక్కించుకుందామని వచ్చింది. నేను గోడ దగ్గర నిలబడి చెబితే వదిన, "రేపు పొద్దున్నే వచ్చి తొక్కుతా లే. ఈ పొద్దు దాన్ని పండుకోనీ, గిన్నెలు నువ్వు కడుగు" అంది. ఆమె నాతో అన్న చివరి మాట అదే.

మాది ఎర్రగుంట్ల దగ్గరి పల్లె. నేనూ వదినా వయసులో ఉన్నప్పుడు నాపబండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. బండను మిషన్ కిందికి ఎక్కించడం, పాలిష్ అయినాక తీసి ఎండలో నిలబెట్టడం ఇద్దరిద్దరు చేసే పని. ఒక కొస ఒకరు, ఇంకో కొస ఒకరు. జత రాకపోతే రెండోదానికీ ఆ రోజు పని ఉండదు. నాకు జత వదినే. బండ పైకెత్తే ముందు "బండను సూడాకు పాపా, నన్ను సూడు" అనేది. ఆమె కళ్ళలోకి చూస్తూ ఎత్తితే ఎందుకో బరువు తెలిసేది కాదు. మేస్త్రీ అరిస్తే నేను వణికిపోయేదాన్ని. వదిన మాత్రం, "ముందు ఊపిరి తీసుకో. తిట్టేది బండ దించినాక ఇద్దరం కలిసి తిట్టుకుందాం" అనేది.

అప్పుడు నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది నడిచేది కానీ ఇంటికి రాగానే ఎత్తుకోమని కాళ్ళకు చుట్టుకునేది. చిన్నది, అదే ఇప్పుడు నడుము పట్టుకుని వచ్చినది, ఉయ్యాలలో ఉండేది. మిద్దె దూలానికి ఇనుప కొండి, దానికి గొలుసు, గొలుసుకు చీర ఉయ్యాల. ఒక పొద్దున దాన్ని ఉయ్యాలలోంచి తియ్యబోయి వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. పైకి లేవలేను, కిందికి కూర్చోలేను. బిడ్డ ఏడుస్తోంది.

మా అత్త వంటింట్లోంచి చూసి, "ఏం మే, వంగి ఏం ఎతుకుతాండావు?" అంది.

"నడుము పట్టుకుండాది అత్తా."

"నడుము నొప్పి లేని ఆడది యాడుండాది? లెయ్, నీళ్ళు ఇడిసే పొద్దయింది."

ఆమె చెడ్డది కాదు. ఆమెకు నడుము నొప్పి వచ్చినప్పుడు పడుకొమ్మని ఎవరూ చెప్పలేదు, అంతే. పడుకోవచ్చని ఆమెకు తెలియదు.

పనికి పిలవడానికి వచ్చిన వదిన గడపలోనే ఆగి నన్ను చూసింది. చాప తెచ్చి ఉయ్యాల పక్కన పరిచింది. నన్ను నెమ్మదిగా బోర్లా పడుకోబెట్టి మా అత్త వైపు తిరిగి, "చిన్నమ్మా, నేను ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని. నీకు తెల్దా?" అంది.

మా అత్త చేతిలో గరిట కింద పెట్టేసింది. కాళ్ళు ముందుగా బయటపడి పుట్టినవాళ్ళు పాదంతో తాకితే పట్టిన నడుము వదులుతుందని మా వైపు గట్టి నమ్మకం. నడుము నొప్పిని లెక్కచెయ్యని మా అత్త ఆ మాటకు కొంగు సర్దుకుని వచ్చి నిలబడింది.

వదిన కాళ్ళు కడుక్కుని వచ్చి, రెండు చేతులతో ఉయ్యాల గొలుసు పట్టుకుని, ఎడమ పాదం నా నడుము మీద ఆనించింది. ఆమె బరువంతా గొలుసు మీదే. నా మీద పడింది పిల్లిపిల్ల కూర్చున్నంతే. నాకు మాత్రం పైన కొండి మీదే దృష్టి.

"వదినా, కొండి ఊడొస్తాదేమో. బిడ్డ ఉండాది దాంట్లో."

"నీకు పట్టింది నడుమా, నోరా? మూసుకోని పండుకో."

ఆమె పాదం మార్చినప్పుడల్లా గొలుసు కదిలి ఉయ్యాల ఊగింది. ఏడుస్తున్న బిడ్డ నిద్రపోయింది.

తొక్కడం అయినాక పథ్యం చెప్పింది. మూడు పొద్దులు బిందె ఎత్తకూడదు, బండ ఎత్తకూడదు, బిడ్డను చంకన వేసుకోకూడదు. "పథ్యం తప్పితే ఆ నొప్పి తొక్కినోళ్ళ నడుముకు వచ్చి పడతాది చిన్నమ్మా. నన్ను మంచాన పడేస్తారో, కాపాడతారో మీ ఇష్టం" అని మా అత్త మీద పెట్టేసి కూర్చుంది. ఆ మూడు పొద్దులూ మా అత్త బిందెలు మోస్తూ, ఎదురుకాళ్ళను తిడుతూనే ఉంది. నన్ను మాత్రం చాప మీద నుంచి లేవనివ్వలేదు. నీళ్ళు తాగడానికి లేచినా "పండుకో మే, పాపం ఆయమ్మకు తగులుతాది" అనేది.

నేను పడుకుంటే వదినకూ పని లేదు. ఆ సంగతి ఆమె ఒక్కసారీ ఎత్తలేదు. మా గడప మీద కూర్చుని, పెద్దదాన్ని ఒళ్ళో వేసుకుని చెనక్కాయలు ఒలుస్తూ ఉండేది. మేస్త్రీ ఏమంటాడో, మా ఆయన ఏమంటాడో, రేపు నడుము వదలకపోతే పిల్లల గతి ఏమిటో అని నేను ఒక్కొక్కటీ పైకే చెప్పేదాన్ని. అంతా విని, "నడుము నీ ఒక్కదానిదే అనుకున్నావా? దాని మింద ఎంతమంది ఎక్కి కూచ్చోనుండారో సూడు. అందుకన్నా దాన్ని బాగా సూసుకోవాల" అనేది.

ఆ నొప్పి ఒకసారి వచ్చి పోయే రకం కాదు. పిల్లలకు జ్వరాలొచ్చి భుజాన మోసినప్పుడు, చలికాలం పొద్దున్నే తడి బండలు ఎత్తినప్పుడు మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా వదిన గోడ దాటి వచ్చేది. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టేది. మామూలు రోజుల్లోనూ వదలలేదు. బిందె నేల మీద పెడితే తీసి అరుగు మీద పెట్టేది. "బిడ్డ కోసరం నువ్వు వంగాకు. బిడ్డనే అరుగెక్కమను, అప్పుడెత్తుకో" అని నా పెద్ద కూతురికి అరుగెక్కడం నేర్పింది. ఎత్తుకో అని ఏడవడం మాని, అది పరుగెత్తి అరుగెక్కి చేతులు చాచేది. అలా నెట్టుకొచ్చాను. ఇద్దరు పిల్లలూ పెరిగారు. నా నడుము ఇంకా నా దగ్గరే ఉంది.

వదిన కాలు మంచిదని ఊరంతా పాకింది. బండల పనికి పోయే ఆడవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు వచ్చేవాళ్ళు. ప్రతి ఇంటికీ పోయి అదే తొక్కుడు, అదే పథ్యం, అత్తలకు అదే బెదిరింపు. మగవాళ్ళు వస్తే మాత్రం "ఆస్పత్రికి పోండప్పా" అనేది. మా వీధిలో ఒకాయన అలిగి, "ఏమ్మా, మా నడుముకు పనిచెయ్యదా నీ కాలు?" అని అడిగాడు.

"తొక్కకపోయినా మీరు పండుకుంటారు కదప్పా" అంది వదిన.

అందరం నవ్వాం. ఆ మాట వెనక సంగతి నాకు మొన్నటిదాకా తెలియలేదు.

వదినను మట్టి చేసిన మూడో నాడు పాలు పోసి వచ్చి, వాళ్ళ ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నాం. నందికొట్కూరు నుంచి వదిన అన్న వచ్చాడు, ఎనభై దాటిన ముసలాయన. ఆడవాళ్ళం ఒకరి తర్వాత ఒకరం ఆమె కాలి గురించే చెప్పుకుంటున్నాం. నేను కళ్ళు తుడుచుకుని, "ఇంక ఊర్లో ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళే లేరు. నా కూతురికి ఎవరు తొక్కుతారో ఏమో" అన్నాను.

ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవరు ఎదురుకాళ్ళు?" అన్నాడు.

"నీ చెల్లెలే పెద్దాయనా."

"ఎవరు చెప్పినారు మీకు? ఎదురుకాళ్ళతో పుట్టింది నేను. మాయమ్మ సచ్చి బతికింది నాతో. మా చెల్లెలు తలకాయతోనే పుట్టింది. శానా గట్టి తలకాయ." అని చెవి దగ్గరి చెయ్యి దించి, "నన్నెవరూ తొక్కమని అడగలా" అన్నాడు.

నా పక్కన కూర్చున్నామె, ఇద్దరు కవలల్ని కని నెల తిరక్కుండా బండలెత్తబోయినామె, "మరి నాకు ఐదు పొద్దులు పథ్యం చెప్పింది" అంది మెల్లగా. ఇంకొకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఆ తర్వాత అందరికీ నవ్వొచ్చింది, చావింట్లో నవ్వుతున్నామని భయమూ వేసింది. ముసలాయన ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా మాతో పాటు నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి నా కూతురు నీళ్ళ బకెట్టు ముందు వంగి పిల్లవాడి బట్టలు పిండుతోంది. పళ్ళు బిగబట్టి ఉంది.

"ఏం చేస్తాండావు మే? పండుకోమన్నారు కదా."

"పండుకుంటే ఎట్లమ్మా? వదినత్త కూడా పాయ. బిళ్ళలు మింగి సోమారం పనికి పోతా."

దాని ముఖం చూశాను. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయిన ఆ పొద్దు గుర్తొచ్చింది. నాకు అబద్ధం చెప్పడం రాదు. అయినా చెప్పాను.

"నేనూ ఎదురుకాళ్ళతోనే పుట్టినాను."

"నువ్వా? ఎప్పుడూ చెప్పలేదే."

"నువ్వడిగినావా?"

"ఊరికే చెప్పాకు మా."

"నేను పుట్టేటప్పుడు నువ్వు సూసినావా యేమి?"

అది నవ్వబోయి "అమ్మా" అని నడుము పట్టుకుంది. అట్లే పోయి చాప మీద బోర్లా పడుకుంది. దాని కొడుకు ఉయ్యాలలో ఉన్నాడు. అదే కొండి, అదే గొలుసు. కాళ్ళు కడుక్కుని వచ్చి ముందు కొండిని రెండుసార్లు లాగి చూశాను.

"మూడు పొద్దులు బరువెత్తాకు. పిల్లోణ్ణి నేనే ఎత్తుకుంటా, అరుగు మీద నుంచి. పథ్యం తప్పితే నొప్పి నాకు వస్తాది. ఈ వయసులో నాకు వస్తే లేపేవాళ్ళు కూడా లేరు."

అది పడుకునే ఫోన్ అందుకుని, తనతో పాటు వంట చేసే మనిషికి "సోమారం నేను రాను అక్కా. మేస్త్రీకి నువ్వే చెప్పు" అంది. ఆ పని ఉంటుందో పోతుందో నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా అదే దిగులు. కానీ అది ఫోన్ పక్కన పెట్టి, చెంప చాపకు ఆనించి కళ్ళు మూసుకుంది.

బరువంతా చేతుల మీద మోపి, పాదం ఆనించీ ఆనించనట్టు పెట్టాను. ఉయ్యాల కదిలింది. వదిన నాకంటే పొడుగు. ఆమె పట్టుకునే చోటు నాకు అందలేదు, కిందనే పట్టుకున్నాను. నా చేతులకు జానెడు పైన, ఆమె అరచేతులకు అరిగి నున్నబడ్డ గొలుసు ముక్క మెరుస్తూ, పిల్లవాడి ఉయ్యాలతో పాటు అటూ ఇటూ ఊగుతోంది.