అమ్మను లేపి నిలబెట్టిన ఆదివారం

మాది చెప్పులు కుట్టే కులం. అరవనాట కారిమంగళం పోయే దారిలో, ఊరికి దూరంగా మా ఇళ్లు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే ముందు, నా ఎనిమిదో ఏట అమ్మానాన్న బాప్తిస్మం తీసుకున్నారు. మా వాడుకలో చెప్పాలంటే వేదంలో కలిశారు.

అంతకుముందు అమ్మ ఊరి వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని, ఎవరో కొట్టబోతున్నట్టు భుజాలు ముడుచుకుని నడిచేది. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక మాట కూడా తగ్గిపోయిందట. వేదంలో కలిశాక మనిషి మారింది. మాకు వాక్యాలు నేర్పే ఉపదేశి ఆమెను అందరితోపాటు చాప మీద కూర్చోమన్నాడు. అమ్మ అరవ కీర్తనలు నేర్చుకుని, రాగులు విసురుతూ గొంతెత్తి పాడేది. ఇప్పుడు కంటినిండా నిద్ర పడుతోందని నాన్నతో అనడం నేను విన్నాను.

నాకు పన్నెండేళ్లప్పుడు చెల్లెలికి అమ్మవారు పోసింది. మూడు రోజులు ప్రార్థన చేసినా జ్వరం దిగలేదు. నాలుగో పొద్దున అమ్మ వేపమండలు, చెంబెడు అంబలి తీసుకుని మారెమ్మ రాయి దగ్గరికి పోయింది. వెనకాలే వెళ్లి చూశాను. చెల్లెలు బతికింది.

ఆ ఆదివారం, ఆరాధనకు ముందు, పాత దేవతలకు ఇంకా మొక్కేవాళ్లెవరైనా ఉన్నారా అని ఉపదేశి పిల్లల్ని అడిగాడు. నన్నెవరూ బెదిరించలేదు. వాక్యాలు అప్పజెప్పడంలో ఎప్పుడూ నేనే ముందు, ఇందులోనూ ముందుండాలనిపించింది. లేచి అమ్మ సంగతి చెప్పేశాను. ఆయన నా తల నిమిరాడు.

తర్వాత ఆరాధనలో ఆయన అమ్మను లేపి నిలబెట్టాడు. ఆరు నెలలు ఆమెకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం ఇవ్వబోమన్నాడు. ఆ వారం నుంచి అమ్మ ఆరాధనలో గుమ్మం పక్కన కూర్చునేది. ఆరు నెలలు గడిచినా చోటు మార్చలేదు. ఇంట్లో తిరగలి చప్పుడు తప్ప పాట వినబడలేదు. రాత్రుళ్లు ఆమె అటూ ఇటూ దొర్లుతుంటే, నిద్రపోతున్నట్టు నటించేదాన్ని.

ఏళ్ల తర్వాత, నా తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి, బిడ్డ పుట్టాక, ఉపదేశికి చెప్పింది నేనేనని అమ్మతో ఒప్పుకున్నాను.

"ఆ పొద్దే తెలుసు పాపా," అంది. "చిన్నబిడ్డవి, చెప్పినావు. నన్ను నిలబెట్టినప్పుడు నా తట్టు ఒకసారి చూస్తావనుకున్నాను. నువ్వు ఆ ఉపదేశి మొగమే చూస్తా ఉండావు."

అమ్మ బిడ్డను నా ఒళ్లోంచి తీసుకుని, స్నానానికి పెట్టిన నీళ్లు కాగినాయేమో చూడమంది.