పత్తి మీసాలు

ఆడపిల్ల పరిశోధన చేస్తోందంటే "దేనిమీద?" అని కాకుండా "ఎందాకా?" అని అడిగే రోజులవి. తొంభైల నడిమి మాట. కామారెడ్డిలో మా ఇల్లూ బాపు కిరాణా దుకాణమూ ఒకే కప్పు కింద ఉండేవి. ముందు గదిలో పప్పులూ ఉప్పులూ, వెనక గదుల్లో మేమూ. నేను హైదరాబాదులో రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించి, అక్కడే ఒక ప్రయోగశాలలో పరిశోధనకు చేరాను. చేరి ఏడాది తిరగకముందే ప్రపంచంలోని సగం రహస్యాలు నా సంచిలో ఉన్నట్టు నడిచేదాన్ని. పేరుకు పరిశోధన నాదే గానీ, అందులోని శోధన మాత్రం మా ఇంట్లో వాళ్లకు పడింది.

మా పని చెప్పుకోవడానికి చాలా ఉండేది, చూపించడానికి ఏమీ ఉండేది కాదు. శుభ్రమైన పత్తిని ఘాటైన ఆమ్లంలో వేసి వేడి చేస్తే, అందులోని మెత్తటి భాగమంతా కరిగిపోయి గట్టి స్ఫటికాలు మిగులుతాయి. సూదుల్లాంటివే, కానీ కంటికి ఆనవు. వాటిని కడిగి, మళ్లీ కడిగి, మన ఓపిక కూడా కరిగాక, సీసా అడుగున కాస్త నీలిఛాయ తిరిగిన నీళ్లలాంటివి చేతికొస్తాయి. ఆ నీళ్లను రబ్బరు పాలలో కలిపి పళ్లెంలో పోసి ఆరబెడితే వచ్చే పొర, మామూలు రబ్బరులా సాగిలపడకుండా బిర్రుగా నిలబడుతుంది. మట్టిగోడకు గడ్డి కలిపి తొక్కుతారు చూడండి, అదే కిటుకు. ఇప్పుడు వాటిని నానో స్ఫటికాలని మర్యాదగా పిలుస్తున్నారు. అప్పట్లో మా సారు మాత్రం ఇంగ్లీషులో పిల్లి మీసాలకు వాడే మాటతోనే పిలిచేవారు. ఆ మాటను తెలుగు చేసి ఇంట్లో చెప్పడం నా తెలివి.

"పత్తిల నుంచి మీసాలు తీస్తున్న బాపు" అన్నాను.

బాపు తన గుబురు మీసం ఒకసారి తడుముకుని, "గిండ్లకు గింత సదువెందుకు బిడ్డా? నాకు పుక్కట్ల మొలిచినయ్ గద" అన్నాడు.

బాపుతో అయితే నవ్వులతో సరిపోయేది. మా అవ్వకు, అంటే అమ్మకు, అన్న అయిన ఎల్లారెడ్డి మామ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆ వానాకాలం ఆయన నాకొక సంబంధం మోసుకొచ్చాడు. పిల్లవాడిది లింగంపేట, దుబాయిలో నౌకరీ, సెలవు మీద వస్తున్నాడు. "ఈ సెలవుల కాకుంటే మళ్ల రెండేండ్లకే బావా. పిల్ల గట్లనే మీసాలు లెక్కవెట్టుకుంట కూసుంటదా?" అని బాపును నిలదీశాడు. ఆ సంబంధం ఖాయమైతే నా హైదరాబాదు ముచ్చట అక్కడితో ఆఖరు. నేను ఊరుకుంటే పోయేది. "మామా, గా మీసాలు కలిపిన రబ్బరు పట్టీ, వేలెడు వెడల్పుంటది, ఐదు కిలోలు మోస్తది తెలుసా!" అన్నాను. ప్రయోగశాలలో అది మోయగా కళ్లారా చూశాను మరి.

"మోస్తే సదువుకో, నేను నోరెత్త. మొయ్యకుంటే లగ్గం వెట్టుకుందాం. ఏమంటవ్ బావా?"

బాపు సరేనన్నాడు. ఇక దానికి తిరుగులేదు. గంజిలో, అంటే మా ఊరి ధాన్యం బజారులో, మా బాపు మాటకూ, ఆయన తరాజుకూ ఒకటే పేరు. తూకం ముందు చుట్టం లేడు, దోస్తు లేడు అనేవాడు. సొంత చెల్లెలు చింతపండు కొనుక్కోవడానికి వచ్చినా ముల్లు మధ్యకు వచ్చి నిలిచేదాకా పళ్లెం దించేవాడు కాదు.

అనుకున్న రోజుకు నేను పట్టీలు తెచ్చాను. పాత పేపర్లో చుట్టి, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చాను. (ఆ కిటికీకి అద్దం లేదనీ, బయట ముసురు పట్టిందనీ నాకు తెలుసు. తెలిసిన దాన్ని వాడుకోవాలని తెలియదు, అంతే.) దుకాణంలో బాపు కూర్చునే గద్దెకు సరిగ్గా పైన, దూలానికున్న కొక్కేనికి పట్టీ కట్టి, దాని కింద తరాజు పళ్లెం ఒకటి వేలాడదీశాం. బాపు గద్దె మీద ఒక మోకాలు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. మామ ఎదురుగా బియ్యం బస్తా మీద ఆసీనుడయ్యాడు. షరతు సూటిగా ఉంది. ఐదు కిలోరాళ్లు పడ్డాక కూడా పళ్లెం గద్దెను తాకకూడదు.

ముందు మామూలు రబ్బరు పట్టీ. "లాభం" అంటూ బాపు మొదటి రాయి పెట్టాడు. (గింజలు కొలిచేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. బాపుకు రాళ్ల లెక్కయినా అంతే.) "రెండు" అనేసరికి అది బారెడు సాగి, పళ్లెం గద్దె మీద చతికిలబడింది.

"మీసం లేకుంటే గింతే మరి" అని మామ నా వైపు చూసి నవ్వాడు.

తర్వాత నా పట్టీ. లాభం. కదల్లేదు. రెండు. మూడు. నేను మామ ముఖం చూస్తున్నాను, పట్టీని కాదు. "నాలుగు" అన్నప్పుడు బాపు గొంతు కాస్త తగ్గింది. చూద్దును కదా, పళ్లెం మెల్లగా, మర్యాదగా, చుట్టపుచూపుకు వచ్చినట్టు కిందికి దిగుతోంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. ప్రయోగశాలలో ఏసీ గది, ఎండిన గాలి. పొడిగా ఉన్నంతసేపూ ఆ మీసాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉంటాయి. తేమ తగిలితే నీళ్ల చేయి పట్టుకుని, పక్కవాళ్లను వదిలేస్తాయి. పత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది! లింగంపేట నా కళ్లముందు కదిలింది.

"ఐదు" అన్నాడు బాపు.

పళ్లెం దిగింది, దిగింది, ఆగింది.

"ఆగిందా?" అన్నాడు మామ.

"ఆగింది" అన్నాడు బాపు.

అబద్ధం కాదు. ఆగింది. బాపు మెల్లగా దాని కిందికి జరిపిన మోకాలి మీద ఆగింది. ధోతి మడతల చాటున ఆ మోకాలు ఎవరికి కనిపిస్తుంది, పక్కనే నిలబడ్డ నాకు తప్ప?

మామ వెంటనే లేచి వెళ్లిపోతాడనుకున్నాం. ఆయన చాయ్ తెమ్మన్నాడు. అవ్వ తెచ్చింది. సాసర్లో పోసుకుని, ఊదుకుని, మహమ్మద్‌నగర్ మక్క చేలకు పురుగు తగిలిన సంగతి మొదలుపెట్టాడు. కప్పు పైనుంచి బాపును చూసి, "ఏంది బావా, ముసుర్ల గూడ చెమట వడుతున్నది?"

"మిర్చి బస్తాలున్నయ్ గద, ఘాటు" అన్నాడు బాపు పళ్లు బిగించి.

"మరి జర గట్ల లేసి గాలికి నిలబడరాదు?"

"బేరాల యాళ్ల గద్దె ఇడువద్దు బావా."

"గదీ నిజమే. చెల్లే, ఇంకో చాయ్ పొయ్యి."

రెండో చాయ్ మొదటిదానికన్నా వేడిగా ఉందో, మామ నాలుకకే సుకుమారం వచ్చిందో గానీ, అది ఎంతకీ తరగలేదు. బాపు పెదవులు కదులుతున్నాయి. లెక్కలో, దేవుడో తెలియదు. ఆఖరికి మామ గొడుగు తీసుకుని, చెప్పులు తొడుక్కుని, గడప మీద ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"బావా, నేను మెట్లు దిగంగనే కాలు తీస్కో. తరాజు ముంగట ఎవనికీ ఏలు గూడ వట్టనోనివి, బిడ్డ కోసం మోకాలు వట్టినవ్. గంత పట్టున్నోనితోని నేనేం కొట్లాడుత? పిల్లగాని తండ్రికి నేనే చెప్తలే" అని వానలోకి దిగిపోయాడు.

బాపు నవ్వబోయాడు గానీ నొప్పికి అది మధ్యలోనే ముఖం చిట్లించడంగా మారిపోయింది. రాళ్లు దించి కాలు చాపబోతే అది ఆయన మాట వినలేదు. తిమ్మిరెక్కి గద్దె మీదే పక్కకు ఒరిగాడు. అప్పుడు నేనేం చేశానంటారా? సాగిన పట్టీని కొక్కెం నుంచి విప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి, "బాపు, తప్పు మీసాలది కాదు, గాలిల తేమ ఉన్నది చూడు..." అని మొదలుపెట్టి, మా సారు ముందు చెప్పాల్సిన ఉపన్యాసమంతా అక్కడే చెప్పేశాను. ఆయన రెండు చేతులతో పిక్క నొక్కుకుంటూ "అట్లనా బిడ్డా... అట్లనా" అని తలూపుతూ విన్నాడు.

ఆ తేమ మీదే నేను తర్వాత చాలా ఏళ్లు పని చేశాను, దానికి కాస్త మందు కూడా కనిపెట్టాను. ఇప్పుడు నాకూ మోకాళ్లు పలుకుతున్నాయి. అప్పటి నేను, ఆ పిల్ల, ఎక్కడైనా ఎదురైతే ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది: పాఠం తర్వాత చెబుదువు గానీ, ముందు ఆ పట్టీ కింద పెట్టి, ఆయన లేవడానికి చెయ్యివ్వు తల్లీ.