ఏసుదాసు చిట్టి: గుర్రమా, పోనీయా?

ముందుగా ఒట్టు. ఇరవై ఎనిమిదేండ్లు చంకన పెట్టుకొని తిరిగిన ఫీల్డ్‌బుక్కు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, కింద రాసిన ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారని తెలుసు. గోదావరిఖని చాయ్ హోటళ్లలో నా మాటలో సగం తీసేసి వినడం అలవాటు. ఈ ఒక్కసారికి పూర్తిగా వినండి.

రామగుండం దిక్కు ఒక భూగర్భ గనికి నేను సర్వేయర్‌ని. మోకాళ్లు అరిగి, మెడికల్ అన్‌ఫిట్ మీద ముందుగానే ఇంటికి వచ్చేశాను. దానికి రెండేండ్ల ముందు, ఒక ఎండాకాలం, నాకు పడిన డ్యూటీ సంగతి ఇది.

సర్వేయర్ అంటే బాయిలో, అంటే గనిలో, ఎటు తవ్వాలో, ఎక్కడ ఆగాలో గీత గీసి చూపేవాడు. మేనేజరు కింద పనిచేస్తాడు గానీ పటం మీద సంతకం మాత్రం తనదే. పైన ఇంకో పని ఉంటుంది. కింద బొగ్గు తీసేసిన చోట పైన నేల కుంగుతుంది. ఎంత కుంగిందో డంపీ లెవెల్ పెట్టి చూడాలి. డంపీ లెవెల్ అంటే మూడు కాళ్ల మీద నిలబెట్టిన దుర్భిణి. దాని చూపు నీళ్ల మట్టంలా అడ్డంగా పోతుంది. ఎదురుగా చైన్‌మన్ అంకెలున్న కర్ర పట్టుకుంటాడు. దాన్ని స్టాఫ్ అంటాం. ఏ అంకె కనబడితే అది ఫీల్డ్‌బుక్కులో సిరాతో రాయాలి. తప్పు పడితే చెరపకూడదు, అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన కొత్తది రాయాలి. తప్పు కూడా కనబడుతూనే ఉండాలన్నది మా శాస్త్రం.

ఇట్లాంటి నాకు కాలనీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఒక క్వార్టరు వెనక కట్టేసి ఉన్న జంతువు గుర్రమా, పోనీయా తేల్చి, జాతి లక్షణాలతో సహా రిపోర్టు ఇవ్వవలెను.

క్వార్టరు ఏసుదాసన్నది. బాయిలో కప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టే టింబర్‌మన్. తాత కాలం నుంచి గని పనే. ఊరంటూ, పొలమంటూ వేరే లేదు. చర్చి, బాయి, క్వార్టరు, అంతే లోకం. ఆయన దగ్గర ఎర్ర రంగు ఆడగుర్రం ఒకటి ఉంది. పేరు చిట్టి. ఆదివారం ఆయన భార్య మరియమ్మక్కను చిన్న బండిలో చర్చికి తీసుకుపోతుంది. ఆమెకు కాలు పడిపోయి నాలుగేండ్లయింది. చిట్టి లేకపోతే ఆమెకు గడప బయట లోకం లేదు.

కాలనీ నిబంధన ప్రకారం పెరట్లో బర్రె ఉండొచ్చు, మేక ఉండొచ్చు, గుర్రం ఉండరాదు. ఎవరో ఫిర్యాదు పెట్టారు. పదిహేను రోజుల్లో తియ్యాలన్నారు. ఇటుక బట్టీ ఆసామి ఒకాయన అప్పుడే రెండుసార్లు వచ్చి చిట్టి నోరు తెరిచి పండ్లు చూసి పోయాడు. బట్టీకి పోయిన జంతువు ఎట్లా బతుకుతుందో మా దిక్కు అందరికీ తెలుసు. ఏసుదాసన్న దరఖాస్తు పట్టుకొని కాలనీ అధికారి ముందు నిలబడ్డాడట.

“ఇది గుర్రం కాదు సార్. పోనీ.”

“పోనీ అంటే? వదిలెయ్యమంటవా?”

“రెండూ సార్.”

అధికారి చెడ్డవాడు కాదు, నిబంధన మనిషి. ఏదో పుస్తకం తెరిపించి చూశాడు. పద్నాలుగు హ్యాండ్ల రెండంగుళాలకు మించనిదే పోనీ అని ఉంది. గుమాస్తా దాన్ని పద్నాలుగు చేతులని తెలుగు చేసి, ఒక చెయ్యికి ఒక మూర చొప్పున కట్టాడు. ఆ లెక్కన కాలనీలో నీళ్ల ట్యాంకు తప్ప అన్నీ పోనీలే. అసలు హ్యాండ్ అంటే అడ్డంగా పెట్టిన అరచెయ్యి, బొటనవేలితో కలిపి నాలుగంగుళాలు. మొత్తం యాభై ఎనిమిది అంగుళాలు. మా లెక్కలో నూట నలభై ఏడు సెంటీమీటర్ల మీద మూడు పాయింట్లు.

కొలవడం చెవుల దాకా కాదు. జూలు ఆగిపోయేచోట, వీపు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక దాకా. దాన్ని మూపు అంటారు. తల ఎత్తుతుంది, దించుతుంది. మూపు అబద్ధమాడదు.

గుర్రం పనే కదా అని ఆ రోజు డంపీ తీసుకపోలేదు. మూపు మీద చెక్కబద్ద అడ్డంగా పెట్టి, కొస నుంచి టేపు వదిలాను. నూట యాభై. ఫీల్డ్‌బుక్కులో సిరాతో రాశాను. ఏసుదాసన్న నా ముఖం చూసి గ్రహించాడు.

“జర మళ్ల చూడు సార్. పేరే చిట్టి. గుర్రమెట్లయితది?”

కిటికీ లోపల నుంచి మరియమ్మక్క గొంతు వినబడింది. “సార్‌ను సతాయించకు. బాయిల ఎంతమందికి తొవ్వ చూపిండు. ఆయన తప్పు కొలుస్తడా?”

తిట్టినా బాగుండేది.

రిపోర్టులో జాతి, లక్షణాలు అన్న గడి ఖాళీగా మిగిలింది. దాని కోసం మరునాడు బసంత్‌నగర్ పోయాను. అక్కడ సిమెంటు లారీలు ఆగే చోటు వెనక ఖాజా చాచా ఉంటాడు. పెండ్లి ఊరేగింపుల గుర్రాలు ఆయనవి. శ్రీరాంపూర్, నస్పూర్ దాకా ఏ పెండ్లికొడుకు గుర్రమెక్కినా కళ్లెం ఆయన చేతిలోనే. చిట్టిని ఏసుదాసన్నకు ఇచ్చింది కూడా ఆయనే. నేను రాసుకుంటుంటే చాచా గుర్రానికి మాలీషు చేస్తూ చెప్పుకుపోయాడు.

“మార్వాడీ గుర్రాన్ని చెవులను చూసి పట్టాలె సాబ్. లోపలికి తిరిగి కొసలు ముద్దు పెట్టుకుంటయి. మెడ నిటారు, నడకల నవాబు. కాఠియావాడీ దానికి చెల్లె, గుజరాత్‌ది. ఎత్తు జర తక్కువ, చెవుల వంపు జర ఎక్కువ, ఎండకు ఫికర్ చెయ్యది. అరబ్బీకి మొఖం నడుమ సొట్ట, ఉరికితే తోక జెండా లెక్క లేస్తది. రేసుల థొరోబ్రెడ్ ఉన్నదే, పొడుగు కాళ్లు, పల్చటి తోలు, ముక్కు మీద కోపం. దాన్ని సాకుడంటే అల్లున్ని సాకుడే.”

“పోనీలు?”

“మణిపురిది పొట్టిది, పోలో ఆటల పులి. స్పితీది, జాంస్కరీది మంచు కొండలయి. మనిషికి ఊపిరాడని కాడ బరువు మోస్తయి. మన దిక్కు భీమ్‌థడి. దక్కనీ టట్టు అంటరు. భీమా నది ఒడ్డుది. గొర్లకాపరుల గిన్నెలు, కోళ్లు, పసిపోరలు, అంతా దాని వీపు మీదనే. పిడికెడు మేత, దినమంత నడక. మీ చిట్టికి తల్లి గదే. తండ్రి మార్వాడీ కావచ్చు. చెవులు వంగినయి గాని కలవలేదు. నడుమ బొటనవేలు పడతది.”

ఇప్పుడు చిన్నదైనా రేపు పెరిగి గుర్రమైతే ఎట్లా అని కాలనీ అధికారి అడిగిన సంగతి చెప్పాను. చాచా మాలీషు ఆపి నన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు. నేను కొంచెం పొట్టి.

“పోనీ అంటే గుర్రంపిల్ల కాదు సాబ్. నువ్వింక పెరుగుతవా? చిట్టికి పండ్లన్ని నిండినయి, తొమ్మిదేండ్లు దాటింది.”

అప్పుడు నా నూట యాభై బయటపెట్టాను. చాచా ఒప్పుకోలేదు. తన అరచేతులతో చిట్టిని ఎన్నిసార్లు కొలిచాడో, అది ఎప్పుడూ పోనీయేనని అన్నాడు. అరచెయ్యి టేపు కాదన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. ఒక్కటే అడిగాడు.

“కింద ఏముండె?”

అప్పుడు గుర్తొచ్చింది. ఏసుదాసన్న చిట్టి నిలబడే చోట షాబాదు బండలు పరిచాడు, వానకు డెక్కలు నానకుండా. చిట్టి బండ మీద ఉంది. నా టేపు కొస బండ అవతల మట్టి మీద పడింది. నెలనెలా నేల ఎంత దిగిందో కొలిచి జీతం తీసుకునేవాడిని, గుర్రం కింది నేల చూడలేదు.

మరునాడే పై అధికారులకు రాసుకున్నాను. మొదటి కొలత నాది, తప్పు నాది, చెక్ సర్వేకు అనుమతి ఇవ్వగలరు. చెక్ సర్వే అంటే చేసిన కొలతనే మళ్లీ మొదటి నుంచి చెయ్యడం. సర్వేయర్ తనంతట తాను అడగడం అరుదు. అడిగితే ఏళ్ల తరబడి నవ్వుతారు. నవ్వారు కూడా.

గడువుకు ఒక రోజు ముందు, మొదటి షిఫ్టు వదిలే వేళకు కాస్త ముందుగా, అందరం పెరట్లో చేరాం. కాలనీ అధికారి, ఆయన గుమాస్తా, ఆ రోజు డ్యూటీ మానిన ఏసుదాసన్న, మా చైన్‌మన్ రాజలింగు, ఖాజా చాచా, గోడల మీద సగం కాలనీ. కిటికీలో మరియమ్మక్క. ఇటుక బట్టీ ఆసామి కూడా తాడుతో సహా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అక్కడ నాకొక భయం ఉండింది. షిఫ్టు సైరన్ మోగితే చిట్టి ఒళ్లంతా బిగబట్టి నిక్కుతుంది, ఏసుదాసన్న వచ్చే వేళని. బెదిరిన గుర్రం అర అంగుళం పైకి లేస్తుందని చాచా హెచ్చరించాడు. సైరన్‌కు ఐదు నిమిషాలే ఉంది.

డంపీని ఎత్తుగా పెట్టాను. ముందు కాలి డెక్క పక్కన, అదే బండ మీద స్టాఫ్ నిలబెట్టించాను. ఒకటి పాయింట్ ఆరు సున్నా సున్నా మీటర్లు. ఇక స్టాఫ్‌ను చిట్టి మూపు మీద నిలబెట్టాలి. రాజలింగు బాయిలో దేనికీ జంకని మనిషి, వెనకడుగు వేశాడు.

“సార్, బెంచ్ మార్క్ రాయి తన్నదు. ఇది తంతది.”

“నువ్వు పట్టు కాక, నేను పలకరిస్త,” అని ఏసుదాసన్న చిట్టి చెవిలో ఏదో అన్నాడు. ప్రార్థనో, బుజ్జగింపో తెలియదు.

టైము అయింది. సైరన్ మోగలేదు. ఒక నిమిషం, రెండు, నాలుగు. నేను పనిలో చేరినప్పటి నుంచి ఒక్క క్షణం ఆలస్యం కాని సైరన్, ఆ రోజు ఊపిరి బిగబట్టుకుంది. చిట్టి మూపు వదులై దిగింది. దుర్భిణిలో అంకె కదలకుండా నిలిచింది. సున్నా పాయింట్ ఒకటి నాలుగు సున్నా. మళ్లీ బండ మీద చూశాను. అదే ఒకటి పాయింట్ ఆరు. అప్పుడు మోగింది సైరన్.

బండ మీది అంకెలోంచి మూపు మీది అంకె తీసేస్తే ఎత్తు. తీసివేత మీరూ చెయ్యండి. నూట నలభై ఆరు. హద్దుకు ఒక సెంటీమీటరు పైచిలుకు కింద. తర్వాత బండ మందం కొలిచాను. సరిగ్గా నాలుగు. నా పాత నూట యాభైకి కారణం అక్కడే, కాళ్ల కింద ఉంది. దాని మీద గీత కొట్టి, పక్కన కొత్త అంకె రాసి సంతకం చేశాను.

కాలనీ అధికారి దుర్భిణిలో తానూ ఒక కన్ను పెట్టి చూశాడు. ఫైలు అక్కడే, చిట్టి బండి మీద పెట్టుకొని, దరఖాస్తు అంచున ఒక్క మాట రాశాడు.

“పోనీ.”

గుమాస్తా, అది జాతి పేరా, ఉత్తర్వా అని అడిగాడు. “రెండూ,” అన్నాడు అధికారి.

గోడల మీద నుంచి లేచిన ఈల, ఏ సైరన్‌కూ తక్కువ కాదు. బట్టీ ఆసామి తాడు చుట్టుకొని పోతుంటే, “అన్నా, తాడు ఇడిచిపో, చిట్టి ఊయల కట్టుకుంటది,” అని రాజలింగు అరిచాడు. ఆ ఆదివారం మరియమ్మక్క చర్చికి పోయే బండి మా క్వార్టరు ముందు ఆగింది. “నువ్వు తప్పు కొలవవని నేనంటనే ఉన్న గద,” అంది. మొదటిసారి తప్పే కొలిచానని చెప్పాను. “గది కొలత కాదు, తొందర,” అంది.

ఆ పని నాకు నేర్పింది ఇది. ఏది కొలిచినా ముందు అది నిలబడ్డ నేల చూడాలి. ఇంకోటి, కొట్టివేసిన అంకె కింద సంతకం పెట్టడానికి సిగ్గుపడనక్కర లేదు.

ఇక ఒట్టు వేశాను కాబట్టి, కల్పించిందేదో కూడా చెప్పాలి. సైరన్ ఆలస్యం కాలేదు. సరిగ్గా టైముకే, రాజలింగు స్టాఫ్ ఎత్తుతుండగానే మోగింది. చిట్టి నిక్కింది, సకిలించింది, స్టాఫ్ ఊగింది. అది నిమ్మళించేదాకా ఆగి, మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నూట నలభై ఆరే. బండ మీద నిలబెట్టి కొలిస్తే సరిపోయింది అని చెబితే చాయ్ హోటల్లో ఎవరూ చాయ్ చల్లారబెట్టుకోరు, అందుకని సైరన్‌ను నాలుగు నిమిషాలు ఆపాను. కథలో సైరన్ ఆపుతాను గానీ, ఫీల్డ్‌బుక్కులో అంకె ముట్టను. నమ్మకం లేకపోతే చిట్టి అక్కడే ఉంది. టేపు తీసుకపోండి, బండ మీద పెట్టండి.