పెద్దమ్మ పెట్టెలో నాలుగో మాట

విజయదశమి మధ్యాహ్నం రాయచెర్లు నుంచి వదిన ఫోన్ చేసింది. "మా యత్త పోయిందప్పా" అన్నది. వదిన అత్తంటే మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు భయం వచ్చింది. పెట్టె పలికిందా? ఎవరినైనా పిలవాలని నొక్కితే అది పలక్కుండా ఉండిపోయిందా? ఫోన్‌లో ఆ మాట అడగడానికి నోరు రాలేదు. అంగడి మూసి బండి తీశాను.

ఆ పెట్టె నేను చేసిందే. పావగడ బస్టాండు దగ్గర నాకు జిరాక్స్ అంగడి ఉంది. తీరిక దొరికితే బోర్డులూ సెన్సార్లూ తెప్పించుకుని అతికించుకుంటూ కూర్చోవడం నా పిచ్చి. పక్షవాతం వచ్చి పెద్దమ్మకు కుడి చెయ్యి, మాట రెండూ పోయినప్పుడు ఆ పిచ్చి ఒక పనికి వచ్చింది. అరచేతంత టచ్‌స్క్రీను, పక్కన చిన్న స్పీకరు. బొమ్మ మీద వేలు పెడితే నా గొంతుతో మాట వస్తుంది. చెంబు తాకితే 'నీళ్లు', పట్టీ కట్టిన కాలు తాకితే 'నొప్పి', పిలిచే చెయ్యి తాకితే 'రా'.

ఆ మూడు చాలనుకున్నాను. ఆమె ఒప్పుకుంటేనా! ఎడమ చేత్తో వదినను చూపించి, ఈగను తోలినట్టు గాల్లో ఊపింది. నాకు అర్థం కాలేదు. వదిన మాత్రం పకపకా నవ్వింది.

"'సాల్లే, పని జూస్కో పో' అనేది పెట్టమంటాండాదప్పా. అది అనకుంటే మా యత్తకు పొద్దు పోదు."

నిజమే. ఎవరైనా పక్కన చేరి గారాబం చేస్తే పెద్దమ్మకు గిట్టదు. జ్వరంలో తల నొక్కబోయినా అదే మాట, పండగకు కాళ్లకు దండం పెట్టినా అదే మాట. కోపం కాదు, ఆమె ప్రేమ అలా బయటికొచ్చేది. పనికి గుర్తుగా నాలుగో బొమ్మ పొరక, అదే చీపురు, గీశాను. మొదటిరోజు దాన్ని ఎన్నిసార్లు నొక్కిందో లెక్కలేదు, ఇల్లంతా తిట్లే.

అయితే పెట్టె మొదట ఆమె వేలిని పట్టనే లేదు. శనక్కాయ చెట్లు పీకి పీకి వేళ్ల కొసలు కాయగాసి ఉండేవి. నా వేలికి పలికేది, ఆమె వేలికి ఉలకదు పలకదు. ప్రోగ్రాములో తాకిడిని పట్టే సున్నితత్వం పెంచాను. పలికింది. అక్కడితో సుఖంగా ఉందనుకుంటే, పోయినేడాది ఆయుధపూజ నాడు ఇంకో తంటా వచ్చిపడింది. ఎవరూ తాకకుండానే 'నీళ్లు, నీళ్లు' అని అదే పనిగా అరుస్తోంది! పెద్దమ్మ ఎంత నొక్కినా మిగతా మూడు బొమ్మలూ పలకవు.

పరిగెత్తుకుని పోయి వైరు మార్చాను, ఛార్జరు మార్చాను, ప్రోగ్రాము మళ్లీ ఎక్కించాను. ఏం చేసినా దానికి దాహం తీరదే! చెమటలు కారుతూ బోర్డే విప్పబోతుంటే పెద్దమ్మ ఎడమ చెయ్యి నా మణికట్టు మీద పడింది. కదలొద్దన్నట్టు గట్టిగా పట్టుకుంది.

ఆ పట్టు నాకు తెలుసు. చిన్నప్పుడు నిడుగల్లు కొండ కింద మేక తప్పిపోతే నేను ఏడుస్తూ అటూ ఇటూ ఉరుకుతుంటే ఆమె ఇలాగే పట్టుకుని ఆపింది. "ఉరికితే యాడ దొరుకుతాదిరా? ముందు నిలబడు. ఊరికే సూడు." ఇద్దరం బండ మీద కూర్చున్నాం. కాసేపటికి తుమ్మచెట్టు వెనక కొమ్ములు కదిలాయి.

స్క్రూడ్రైవరు కింద పెట్టి ఊరికే చూశాను. అరుపు ప్రతిసారీ ఒక్క మూల నుంచే వస్తోంది. ఆ మూలన, సరిగ్గా చెంబు బొమ్మ మీద, పూజకు వదిన పెట్టిన తడి గంధం బొట్టు! ఆ తడినే తెర వేలనుకుంటోంది. పెద్దమ్మ కొంగు అంచుతో తుడిచాను, నోరు మూసుకుంది. పెద్దమ్మ వంకర మూతితోనే నవ్వి పొరక నొక్కింది. ఇకమీదట బొట్టు వెనక వైపు పెట్టమని వదినకు చెప్పి వచ్చాను.

చెప్పానే గానీ, గుర్తుందా? దారి పొడవునా అదే ఆలోచన. నిన్ననే ఈ ఏటి ఆయుధపూజ అయింది. ఎదురొచ్చిన ప్రతి బస్సుకూ, ట్రాక్టరుకూ బంతిపూలు, బొట్లు. సోలారు పార్కు గేటుకు కూడా గంధమే. ఆ పార్కుకు కౌలుకు పోయిన తన చేను పక్కన మేకలు కాస్తూ పెద్దమ్మ అక్కడి సోలారు పలకల్ని చూసి అనేది: "ఇన్నిన్ని అద్దాలు పెట్టినారు, మొగం సూసుకునేకి ఒగటీ పనికిరాదు." ఆ మాట తలుచుకున్నా ఆరోజు నవ్వు రాలేదు.

పెద్దమ్మను వసారాలో పడుకోబెట్టారు. మొహం ప్రశాంతంగా ఉంది. దండం పెట్టుకుని లేస్తుంటే కిటికీలో పెట్టె కనపడింది. దాని నడిమధ్యన ఇంత లావు గంధం బొట్టు, మీద కుంకుమ. గబుక్కున చేతిలోకి తీసుకున్నాను.

అది వెనక వైపు. బోర్లా పెట్టి ఉంది. తిప్పితే తెర అద్దంలా శుభ్రంగా ఉంది.

"నొక్కిందా వదినా?" అన్నాను.

"నొక్కిందప్పా. నేను దొడ్లో ఉండా, 'రా' అని ఇనపడింది. వస్తే 'నీళ్లు' నొక్కింది, తాగిపించినా. ఎందుకో మనసొప్పక చెయ్యి పట్టుకోని ఆడే కూచున్నా." వదిన కొంగుతో కళ్లొత్తుకుంది. "కొంచేపు సూసి పొరక నొక్కింది. నవ్వుకుంటా లేసి మేకలకు మేతేసేకి పోయినా. వచ్చేసరికి నిద్రపోయినట్ల ఉండాది."

హమ్మయ్య అనిపించింది. చావింట్లో అనుకోకూడని మాట, అయినా అనుకున్నాను. పిలిస్తే పలికారు, అడిగిన నీళ్లు అందాయి, చివరి మాట కూడా తనదే అన్నది. అప్పుడు ఏడుపొచ్చింది. కడుపునిండా ఏడ్చాను.

అన్నీ అయ్యాక పెట్టెను తీసుకుపొమ్మంది వదిన. ఆపేసే ముందు చెయ్యి తుడుచుకుని పొరక మీద వేలు పెట్టాను. 'సాల్లే, పని జూస్కో పో' అని వచ్చింది నా గొంతే. దొడ్లో పెద్దమ్మ మేక మాత్రం నెమరు ఆపి, తలెత్తి ఆమె మంచం వైపు చూసింది.